జేజి చీర అంచు... గుమ్మానికి పువ్వు

బడి టైమవుతోందంటే ఆడపిల్లలున్న ఇంట్లో ఒకటే హడావుడి. అమ్మ చేతిలో దువ్వెన, పళ్ల మధ్య రిబ్బను, ముందు కదలకుండా కూర్చోమంటే మరింత కదిలే కూతురు! పాయలు తీసి, జడలు అల్లి, పైకి మడిచి, రిబ్బను చుట్టి ఒక్క లాగు లాగితే... చెవుల పక్కన రెండు పువ్వులు విచ్చుకుంటాయి. కొలతలేదు, పుస్తకం లేదు. అమ్మకి వాళ్లమ్మ చెయ్యగా చూసి వచ్చిన విద్య. సరిగ్గా ఈ ముడినే పట్నంలో గిఫ్టు షాపులవాళ్లు ‘బో’ అని పేరుపెట్టి, అద్దాల వెనక వరసగా వేలాడదీసి అమ్ముతున్నారు.

వాటిని కొనేది ఎందుకంటారా? డిసెంబరు రాగానే తలుపులకి వేలాడే గుండ్రని దండల కోసం. ‘రీత్’ అంటారు వాటిని. ఆకులూ కాయలూ గుండ్రంగా అల్లి, కిందనో పైనో పెద్ద రిబ్బను పువ్వు కడతారు. ఒకప్పుడు క్రిస్మస్ చేసుకునే ఇళ్లకే పరిమితం. ఇప్పుడు పండగతో సంబంధం లేకుండా కొత్తింటి గుమ్మానికీ, పెళ్లివారింటి తలుపుకీ కనిపిస్తున్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరమే. అక్కడ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు సెలవులకి వస్తూ వస్తూ ఈ సరదా కూడా సంచిలో పెట్టుకొస్తారు.

పెద్దవాళ్లు మాత్రం దాన్ని చూసి ఉలిక్కిపడతారు. ‘ఎవురు పోయినారే?’ అని అడిగినా ఆశ్చర్యం లేదు. మన వైపు గుండ్రని దండ కనిపించేది ఎక్కడ? ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల స్థూపం దగ్గర. లేదంటే పెద్దమనుషుల అంత్యక్రియల్లో. దండ ఒకటే అయినా, శోకానికి వాడేదాన్నే సంబరానికి కూడా వాడటం పడమటి దేశాల పద్ధతి. అక్కడ కూడా ఇది మరీ పాతకాలపు ముచ్చటేం కాదు. జర్మనీలోని హాంబర్గ్‌లో అనాథ పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్ 1839లో ఒక పాత బండిచక్రానికి కొవ్వొత్తులు గుచ్చి, పండగ ఇంకెన్నాళ్లుందో పిల్లలు లెక్కపెట్టుకునేలా చేశాడు. క్రిస్మస్ ముందు వెలిగించే గుండ్రని దండ అలా ఇంటింటికీ పాకింది. బండిచక్రం నుంచి పుట్టిందంటే మన వాకిట్లోకి మరీ పరాయిది కాదన్నమాట!

మామిడాకు తోరణం చోటుని ఇదేమీ లాక్కోదు. తోరణం గుమ్మం పైకి, ఇది తలుపు మీదకి. తోరణం నాలుగు రోజుల్లో ఎండుతుంది, ఇది ఏడాది పొడవునా ఉంటుంది. ఇబ్బందల్లా ఒకటే. బజార్లో దొరికే దండకి కట్టిన రిబ్బను పువ్వు... ప్లాస్టిక్ లాంటి పాలిస్టర్!

పట్టుకి పుట్టిల్లులో పాలిస్టరా?

మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ తోటలు కొత్త కాదు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. ఊరి పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. ఇంకాస్త ఉత్తరానికి, పెనుకొండ దాటి పోతే ధర్మవరం మగ్గాలు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా ఆకు నుంచి చీర దాకా పట్టు నడిచే దారి అదే. ఇంత పట్టు చేతిలో పెట్టుకుని, తలుపుకి కట్టే రెండు గజాల రిబ్బను కోసం మెరుపు కాగితం లాంటి సరుకు కొనుక్కోవడం చిత్రమే.

అసలు రిబ్బను పుట్టిందే పట్టులో. సన్నని మగ్గం మీద, రెండు వైపులా అంచు కట్టి, వేళ్ల వెడల్పున నేసే పట్టుగుడ్డే రిబ్బను. ఇంగ్లండులో కోవెంట్రీ, ఫ్రాన్సులో సెంటెటియెన్ పట్టణాలు దీని మీదే బతికాయి. 1860లో రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరి, ఫ్రెంచి పట్టు మీద సుంకం ఎత్తేయగానే కోవెంట్రీ మగ్గాలు కుదేలయ్యాయి. నేతగాళ్లు పనుల్లేక వీధిన పడ్డారు, ఎందరో వలసపోయారు. ధర్మవరం వాళ్లకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మరమగ్గం మీద అదే డిజైను సగం ధరకి దిగితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. చేనేతకి కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది గానీ చట్టం కాగితం మీద ఉన్నంత గట్టిగా బజార్లో ఉండదు.

సరే, పట్టు రిబ్బను ఇప్పుడెక్కడ దొరుకుతుంది? బజార్లో కాదు, ఇంట్లోనే. బీరువా అడుగున, తెల్ల పంచెలో చుట్టిపెట్టిన జేజి పెళ్లిచీరలో.

తక్కెడకా... తలుపుకా?

పట్టు నూరేళ్లు ఉంటుందనుకుంటాం. మడతల దగ్గర మాత్రం ముందే చీలుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో పెట్టిన చీర విప్పితే గీత గీసినట్టు చిరుగుతుంది. కట్టుకోవడానికి లేదు, పారేయడానికి మనసొప్పదు. సరిగ్గా ఆ సమయానికే వీధిలో కేక వినిపిస్తుంది... ‘పాత పట్టుచీరలు కొంటాం!’ వెండి ధర పెరిగినకొద్దీ ఆ కేక తరచుగా వినిపిస్తుంది. ఆయన కొనేది చీరని కాదు, జరీలోని వెండిని. పట్టు కాలిపోతుంది, వెండి ముద్ద మిగులుతుంది. పూర్వం జరీ అంటే పట్టుపోగు చుట్టూ సన్నని వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. తర్వాత్తర్వాత రాగితీగ జరీ, ఆపైన ప్లాస్టిక్ పొర జరీ వచ్చాయి. అందుకే వ్యాపారి పాత చీర కోసమే అడుగుతాడు, నిన్నమొన్నటి చీరని చూసి పెదవి విరుస్తాడు.

ఇలాంటప్పుడు మడకశిరలోనో, గుడిబండలోనో, ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలివి.

‘ఏం పాపా, దాన్నే కోచ్చాండావా? మీ తాత ధర్మవరం పోయి తెచ్చిన చీర అది.’

‘ఆయప్పకి ఇచ్చినావంటే జరీ కరిగిచ్చి యెండి తీసుకుంటాడు జేజీ. చీరే ఉండదు. నేను అంచు మాత్రమే తీచ్చా.’

‘అంచు తీచ్చే ఇంగేముంది చీరలో?’

జేజి అడిగినదాంట్లో నిజముంది. ధర్మవరం చీరకి అంచే ప్రాణం. వెడల్పాటి అంచు, ఒంటి రంగుకి ఎదురు రంగు, నిండా జరీ. దూరం నుంచి చూసి ఏ ఊరి చీరో చెప్పేది ఆ అంచుని బట్టే. పక్కనే ఉన్న లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. పదహారో శతాబ్దపు ఆ బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చీరల డిజైన్లూ అంచులూ ఇప్పటికీ నేతగాళ్లకి నమూనాలే. కాబట్టి కత్తెర పట్టేముందు కాస్త ఆలోచించాల్సిందే.

ఒక లెక్క పెట్టుకుంటే మంచిది. కట్టుకోగలిగిన చీరని కోయకూడదు. మడతల్లో చిరిగి ఒళ్లు మాత్రం బాగుంటే ఇంట్లో ఆడపిల్లకి పావడా కుట్టించాలి. మన తల్లులు చేసింది అదేగా! భౌగోళిక గుర్తింపు జాబితాలో ఈ ఊరి నేత పేరే ‘ధర్మవరం చేనేత పట్టుచీరలు, పావడాలు’ అని ఉంది. పావడాకి కూడా గుడ్డ మిగలని చీర, చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా రాలే చీర... దాని అంచు తీస్తే తప్పులేదు. అప్పుడు కూడా కొంగు జోలికి పోవద్దు. డిజైను, రంగు, పనితనం అన్నీ తెలిసేది కొంగులోనే. రేపు ఎవరైనా నేతగాడు చూసి అలాంటిదే మళ్లీ నేయగలిగేదీ దాన్ని బట్టే. దాన్ని యథాతథంగా చుట్టి దాచాలి.

కత్తెర పట్టేముందు

మొదటి పని, అది పట్టో కాదో చూసుకోవడం. ఒంట్లోంచి ఒక పోగు, అంచులోంచి ఒక పోగు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల ముట్టించండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టరయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా తగులుతుంది. ఈ తేడా ఎందుకంటే, బజారు రిబ్బను కొసల్ని కొవ్వొత్తి దగ్గర పెట్టి కరిగిస్తే పోగులు ఊడవు. పట్టుకి ఆ వైద్యం పనికిరాదు, నల్లగా మాడుతుంది. పట్టు కొసల్ని కుట్టాలి, లేదా ముడివేయాలి.

రెండోది, ఏ అంచు తీయాలి? చీరకి రెండు అంచులు. కింది అంచు నేలకి రాసుకుని, మట్టెలకి తగులుకుని అరిగి ఉంటుంది. నడుములో దోపిన చోట పై అంచు నలిగి ఉంటుంది. పైటగా భుజం మీదకి వెళ్లిన భాగం మాత్రం సాధారణంగా గట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి. కింది అంచుకి కూడా ఒక సుగుణం ఉంది, అది ఫాల్. చీరకి వెనక కుట్టిన ఆ నూలుగుడ్డని విప్పేయకండి. పట్టు మెత్తన, నిలబడదు. గంజి పెడదామంటే తడికి జరీ నల్లబడుతుంది. ఫాల్ వెనకాల ఉంటే అదే బిగువునిస్తుంది. ఫాల్ లేని అంచుకి టెయిలర్ దగ్గర దొరికే పల్చటి బక్రం ముక్క వేసి టాకాలు వేస్తే చాలు.

కోత విషయానికొస్తే, అంచుకి ఒకవైపు నేతలో కట్టుకున్న గట్టి అంచు ఉంది, పోగు ఊడదు. రెండోవైపు మనం కోసిందే, కాబట్టి ఊడుతుంది. రెండంగుళాల వెడల్పు కావాలంటే రెండున్నర కోయాలి. మిగిలిన అరంగుళాన్ని రెండు మడతలు వెనక్కి మడిచి సన్నని కుట్టు వేయాలి. ఈ ఒక్క పనికి ఓపిక కావాలి. ఇక్కడ తొందరపడితే నెల తిరక్కుండా తలుపు మీద పువ్వు కాదు, పీచు వేలాడుతుంది.

ముడిలో ఉంది కిటుకు

దండ అడ్డంగా 14 అంగుళాలుంటే పువ్వు ఏడంగుళాలుండాలి. సగానికి సగం అన్నమాట. అంతకన్నా పెద్దదయితే దండ కనపడదు, చిన్నదయితే చొక్కాకి పెట్టిన బ్యాడ్జీలా ఉంటుంది. ఏడంగుళాల పువ్వుకి ఆరు రేకులు చాలు, అటు మూడు, ఇటు మూడు. ఎంత అంచు పడుతుంది? మొదటి జత మూడంగుళాల పొడవు, రెండో జత మూడున్నర, మూడోది నాలుగు. ఒక్కో రేకుకి పోవడానికీ రావడానికీ రెట్టింపు పడుతుంది. ఆరింటికీ కలిపి 42 అంగుళాలు. కిందికి వేలాడే తోకలు రెండు, పదేసి అంగుళాలు. నడుము పట్టీకి నాలుగు. నలుగులో పోయేది ఇంకొంచెం. మొత్తం 70, అంటే రెండు గజాలు. ఆరు గజాల చీరకి రెండు అంచులూ కలిపి 12 గజాలు. లెక్కకి ఆరు పువ్వులు, చిరుగులు పోను నాలుగైనా వస్తాయి. ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో చూసుకోండి మరి!

ముందు బడి రిబ్బను మీద చేయి తిరిగేదాకా కట్టి చూడాలి. నేరుగా జేజి చీర మీద నేర్చుకోకూడదు.

కొసన పది అంగుళాలు వదిలి, ఆ చోట రిబ్బనుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య కుచ్చిలిలా నలిపి పట్టుకోవాలి. అక్కడి నుంచి ఎడమవైపుకి మూడంగుళాల రేకు తీసి, వెనక్కి తెచ్చి, అదే నలుగులో కలిపేయాలి. ఇక్కడే అసలు కిటుకుంది. చీర అంచుకి ముఖం, వీపు ఉంటాయి. వీపున జరీ పోగులు తేలుతూ గరుకుగా కనిపిస్తాయి. ప్రతి రేకు నలుగు దగ్గరకి రాగానే రిబ్బనుని సగం చుట్టు తిప్పాలి. తిప్పితే తర్వాతి రేకుకి మళ్లీ ముఖమే బయటకి వస్తుంది. తిప్పడం మరిచిపోతే ఒక రేకు జిగేలు, ఒక రేకు వెలవెల. ఆ తర్వాత కుడివైపు మూడంగుళాలు. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి, ఒక్కో జతకి అరంగుళం పెంచుకుంటూ. చిన్న రేకులు ముందుకి, పెద్దవి వెనక్కి వస్తాయి. ఆరూ అయ్యాక మిగిలేది రెండో తోక.

పట్టు వదలకుండా ఇప్పుడు కట్టేయాలి. దేనితో? ఇనుప తీగ తుప్పు పట్టి పట్టుకి మరక చేస్తుంది. బోర్ల మోటార్లు కాలిపోని వేసవి లేని సీమలో రాగితీగకి కరువేంటి! రివైండింగ్ షాపులో మోటారు విప్పినప్పుడు బయటపడే సన్నని ఎనామెల్ రాగితీగ మూర ముక్క అడిగితే చాలు. మెత్తగా వంగుతుంది, తుప్పు పట్టదు. నలుగు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొసలు రెండూ వెనక పట్టుకుని, తీగని కాకుండా పువ్వునే గిరగిరా తిప్పాలి. అలా అయితే ముడి బిగుసుకుంటుంది. తీగని మెలితిప్పితే పుటుక్కున తెగుతుంది. తీగ కొసలు కోసేయకుండా ఉంచితే పువ్వుని దండకి కట్టడానికి పనికొస్తాయి.

తీగ వద్దనుకుంటే పూలు కట్టే దారం ఉండనే ఉంది. బస్టాండు దగ్గర చామంతులూ కనకాంబరాలూ మూరలు కట్టే అక్కల చేతుల్ని ఒకసారి గమనించండి. దారంతో మెలిక వేసి, పువ్వు కాడ అందులో పెట్టి, ఒక్క లాగు... కాడ నలగదు, ముడి జారదు. రిబ్బను పువ్వుకి కావాల్సింది అదే ముడి. వాళ్లకి ఈ పని నేర్పాల్సిందేమీ ఉండదు, చీర అంచు చేతికిస్తే చాలు.

నాలుగంగుళాల పట్టీతో నడుముని కప్పి వెనక రెండు కుట్లు వేశాక, రేకుల్ని విప్పాలి. పూర్తయిన పువ్వు మొదట చదునుగా, ఏడుపుగొట్టుగా కనిపిస్తుంది. కంగారుపడక్కర్లేదు. ఒక్కో రేకులో వేలు పెట్టి గుండ్రంగా తెరిచి, ఒకదాన్ని పైకి, ఒకదాన్ని పక్కకి, ఒకదాన్ని కిందికి తిప్పాలి. పెళ్లికూతురి కుచ్చిళ్లు సర్దినట్టే, తొందరలేకుండా.

తోకల్ని ఏం చేయాలి? బజారు రిబ్బనుకయితే చేపతోకలా కత్తిరిస్తారు. రిబ్బనుని నిలువునా సగానికి మడిచి, విడి అంచుల నుంచి మడత వైపు పైకి ఏటవాలుగా ఒక్క కోత. బాగానే ఉంటుంది గానీ పట్టుకి అది నప్పదు. పట్టుకి నప్పేది కుచ్చు. తోక చివర రెండంగుళాల మేర అడ్డపోగులు లాగేస్తే నిలువు పోగులు మిగులుతాయి. వాటిని పాయలుగా తీసి ముడులు వేయాలి. అంచులో జరీ ఎక్కువ కాబట్టి కుచ్చులు బంగారంలా దిగుతాయి. కొత్త చీరలకి ఇళ్లలో కూర్చుని కుచ్చులు వేసి కూలి సంపాదించుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. చేతనైతే నేర్చుకోండి, లేదంటే వాళ్లకిచ్చి వేయించండి. అడిగినంత ఇచ్చి మరీ వేయించండి. కళ్లు పోయే పని అది.

దండ ఎక్కడిది?

దీనికి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మల్బరీ తోట కత్తిరించినప్పుడు వచ్చే పచ్చి చువ్వలు నాలుగైదు అడుగులవి ఓ ఆరు తెచ్చుకుంటే చాలు. ఆకు దూసేసి, ఒకదాని చుట్టూ ఒకటి మెలివేస్తూ గుండ్రంగా చుట్టి, నాలుగు చోట్ల కట్టి, నీడలో ఆరబెట్టాలి. ఎండాక కట్లు విప్పినా ఆకారం పోదు. చువ్వ ఎండిపోయి ఉంటే కొన్ని గంటలు నీళ్లలో నానబెడితే వంగుతుంది. ఒక్క జాగ్రత్త. పురుగులు మేసిన పడకలోంచి తీసిన చువ్వలు వాడకండి. పురుగుల జబ్బులు వాటితో ఇంటింటికీ పాకుతాయని మేపేవాళ్లకి తెలిసిందే. తోటలోంచి నేరుగా కోసినవే మంచివి.

మధ్యలో పూలకి పట్టుగూళ్లు. మంచి గూడు వద్దు, దారం తీసే గూడుని కత్తిరిస్తే పాపం తగులుతుంది. ఒక్క మంచి గూట్లో వెయ్యి మీటర్ల దాకా దారం ఉంటుంది మరి. విత్తనానికి పెట్టిన గూళ్లని చీల్చుకుని చిలకలు బయటికొచ్చాక రంధ్రం పడ్డ ఖాళీ గూళ్లు మిగులుతాయి. పోగు తెగిపోతుంది కాబట్టి వాటి నుంచి దారం తీయడం కుదరదు. అవి తెచ్చుకుని, కత్తెరతో ఒకవైపు నుంచి ఐదు గాట్లు పెట్టి వేలితో వంచితే ఐదు రేకుల తెల్లపువ్వు. నాటు సంకరం గూళ్లయితే లేత పసుపు. రంగులు వేయనక్కర్లేదు, ఆ రెండు రంగులే అందం. పట్టు శాఖ సభల్లో అతిథుల మెళ్లో గూళ్ల హారాలు వేయడం చూసే ఉంటారు. చేత అదే. లోపల పురుగు ఉండిపోయిన గూళ్లు మాత్రం వద్దు. వాసనే కాదు, వాటికోసం పురుగులు చేరి పక్కనున్న పట్టు అంచుని కూడా కొరికేస్తాయి.

మల్బరీ చువ్వ దండ, దాని మీద ఐదో ఆరో గూళ్ల పువ్వులు, కింద ధర్మవరం అంచు. ఆకు, గూడు, చీర... పట్టు నడిచిన దారి మొత్తం ఒక్క తలుపు మీద! పట్టుకి ఎండ పడదు, తలుపు పడమటి ముఖమయితే దండని లోపలి గది తలుపుకి కట్టండి. వానాకాలంలో తీసి, పాత నూలుపంచెలో చుట్టిపెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ చేరుతుంది. పండగ ముస్తాబులో దండ దగ్గర సెంటు కొట్టకండి, జరీ నల్లబడుతుంది. నాఫ్తలీన్ ఉండల్ని కూడా జరీకి తగలనివ్వకూడదు.

ఇంతకీ జేజి ఒప్పుకుందా? ముందు కత్తెర దాచేస్తుంది. మరునాడు ‘ఏదీ, ఆ బడి రిబ్బనుతో కట్టింది చూపీ’ అంటుంది. చూసి, ‘నడుమ వదులుగా ఉండాది పాపా, ఇట్ల లాగల్ల’ అని తనే విప్పి మళ్లీ కడుతుంది. మూడోనాడు పొద్దున్నే పెట్టె తీసి, చీర బయటపెట్టి, కొంగు ఎక్కడి దాకా ఉందో వేలితో కొలిచి, ‘ఈడి దాకా ముట్టద్దు’ అని సున్నంతో చుక్క పెడుతుంది.